కొవ్వు అన్న మాట

...ఇంగ్లీషులో చెప్పి ఉంటే ఎంత మర్యాదగా ఉండేదో. కిందటేడు మా ఆయనతో పాటు ఫ్యాక్టరీలో పనిచేసే విశ్వేశ్వరరావుగారికి హార్ట్ ఎటాక్ వచ్చిందని తెలిసి, మియాపూరులో కిరాయికుంటున్న కోస్తావాళ్ళం అందరం బత్తాయిలు పట్టుకుని చూడటానికి వెళ్ళాం. ఆయన దిండుకి ఆనుకుని కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటినుంచీ చెప్పాడు, ఎక్కడ పట్టుకుందో, ఎటు పాకిందో, చెమట ఎలా కారిందో. చెప్పినప్పుడల్లా అరచెయ్యి గుండెమీద పెట్టుకున్నాడు. ఆ చేతిని చూసి మేమంతా గొంతు తగ్గించి మాట్లాడాం. ఆయన భార్య కూడా ఏదో పదవి వచ్చినట్టు నెమ్మదిగా నడిచింది. నాకు మాత్రం డాక్టరు తెలుగులో చెప్పాడు. గుండె చుట్టూ కొవ్వు పేరుకుందమ్మా అన్నాడు. అంతే. నాగేశ్వరి, నలభై ఒకటి, ఇద్దరు పిల్లల తల్లి, గుండె చుట్టూ కొవ్వు. ఈ మాట సంచిలో పెట్టుకుని ఇంటికెలా వెళ్ళను? వెళ్ళి ఏ నోటితో చెప్పను? బత్తాయిలు ఎవరు తెస్తారు, ఈ మాటకి?

బస్సు బొంబాయి రోడ్డు మీద దింపి ఎంతసేపయిందో తెలియదు. ఒంటిగంటయిందని కండక్టరు ఎవరితోనో అన్నాడు. ఇక్కణ్ణించి ఊళ్ళోకి మైలు దూరం, బండ్ల దారి, రెండువైపులా కోసేసిన జొన్నచేల మోళ్ళు, మధ్యమధ్య ఎవరో పేర్చి మరిచిపోయినట్టు ఒకదానిమీద ఒకటి బండలు. ఈ దారికి ఎత్తుందని నాకు మొన్నమొన్నటిదాకా తెలియదు. సగం దూరమైనా రాకుండానే ఈ బండ దగ్గర, డబ్బాలో పంచదార అయిపోయినట్టు ఊపిరి అయిపోయింది. కూర్చున్నాను. బండ కాలుతోంది, అయినా లేవబుద్ధి కావటంలేదు. సంచిలో ఎక్స్‌రే కవరుతో పాటు ఒక కాగితం ఉంది. దానిమీద మా ఆయన సంతకం పెట్టాలి. గుండె నాదైనా ఉద్యోగం ఆయనది. ఈరోజు అయిదులోపు ఫ్యాక్టరీ ఆఫీసులో ఆ కాగితం ఇస్తే సోమవారం పట్నంలో పెద్దాసుపత్రిలో మంచం ఇస్తారు, వారం రోజులు ఉంచుకుని చూస్తారు. లేకపోతే మళ్ళీ వచ్చే నెల. నెల ఆగవచ్చా అని అడిగాను. ఆగవచ్చని నేను చెప్పలేనమ్మా అన్నాడు డాక్టరు. ఆయనది ఈ వారం రెండో షిఫ్టు. ఇంకాసేపట్లో ఇదే దారిన సైకిలు మీద వస్తారు, సైకిలు రోడ్డు దగ్గర వదిలి ఫ్యాక్టరీ బస్సు ఎక్కుతారు. ఇక్కడ చెప్పకపోతే ఇంక చెప్పటం లేదు. ఇంత ఎండలో అది మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది.

ఫ్యాక్టరీ ఆసుపత్రి నరసింహమూర్తి డాక్టరు మంచివాడే. మా గుంటూరు వైపు మనిషి, మాటల్లో తెలిసిపోతుంది. నా ఎక్స్‌రేని కిటికీకి ఎత్తి పట్టుకున్నాడు. వెనకాల ఆవరణలో ఆరేసిన ఆసుపత్రి దుప్పట్లు నా పక్కటెముకల్లోంచి కనిపించాయి, గాలికి కదులుతూ. నా లోపల కూడా ఎవరో బట్టలు ఆరేశారు అనుకున్నాను, అక్కడా తీసి మడతపెట్టే పని నాదే కాబోలు అనుకున్నాను. "ఈ అంచు చూడండి, గీత గీసినట్టుండాలి, మసగ్గా ఉంది. కొవ్వు చేరితే ఇలా కనిపిస్తుంది. గుండే పెరిగిందేమో కూడా, ఈ ఫిల్ములో రెండూ ఒకలాగే ఉంటాయి." నేను లావు కాదు కదండీ అన్నాను, తప్పు నాది కాదని సాక్ష్యం చెబుతున్నట్టు. "పైన లేనంత మాత్రాన లోపల లేదనుకోకూడదమ్మా. చదువుకునే రోజుల్లో గుండెల్ని చేత్తో పట్టుకుని చూశాను. కర్రల్లాంటి మనుషులకీ ఉంటుంది. అసలు కొంచెం ఉండాలి కూడా, గుండెకి అది పరుపు. తిండి లేనప్పుడు తిండి. గుండెకి రక్తమిచ్చే గొట్టాలు ఆ కొవ్వులోంచే పోతాయి, ఇరుగుపొరుగుల్లాగా. ఎక్కువైతే ఆ పొరుగు ఏం చేస్తుందో మా పుస్తకాల్లో రెండు వాక్యాలకి మించి లేదు. కానీ మీ ఇసిజి గీతలు నాకు నచ్చలేదు. నడిస్తే దవడ లాగుతుందన్నారు చూడండి, అది అసలు నచ్చలేదు." తర్వాత ఏం తింటారని అడిగాడు. మిగిలిందండీ అన్నాను. నవ్వాడు, నేను నవ్వకపోవటం చూసి ఆపేశాడు. నేనేమీ చమత్కారానికి అనలేదు. మూకుడు అడుగున నూనెలో నాలుగు మెతుకులు కలుపుకుంటాను, పిల్లల కంచాల్లో విరిగిన అప్పడాలు, ఆయన వదిలేసిన నేతి అన్నం, నిన్నటి వేపుడు. పారబోయటానికి చెయ్యి రాదు. ఇంట్లో ఎవరికీ అక్కర్లేనిదంతా నాలో పెట్టుకున్నాను, అది వెళ్ళి వెళ్ళి గుండె చుట్టూ కూర్చుందా?

మా ఇంట్లో కొవ్వు అంటే కొవ్వు కాదు. మా ఆయన అక్కగారు భ్రమరాంబ వదిన నోట రోజుకి నాలుగుసార్లయినా ఆ మాట వస్తుంది. పిల్లాడు ఎదురు చెబితే కొవ్వు, పాలవాడు ఆలస్యంగా వస్తే కొవ్వు. అన్నిటికంటే పెద్ద కొవ్వు నేను మధ్యాహ్నం నడుం వాల్చటం. "ఏమే నాగేశ్వరీ, సూర్యుడు నడినెత్తిన ఉండగా పడకేమిటి? కొవ్వు కాకపోతే ఏమిటది?" మొదటి షిఫ్టు వారం నేను నాలుగింటికి లేవాలి, మూడో షిఫ్టు వారం పగలంతా పిల్లల నోరు మూసి ఇల్లు నిశ్శబ్దంగా ఉంచాలి, ఏ వారమైనా బావి దగ్గర్నుంచి పన్నెండు బిందెలు. ఇదివరకు ఇవన్నీ చేసేదాన్ని. ఈ ఆరు నెలలుగా పదకొండింటికల్లా ఒళ్ళు తడిబట్టలా బరువెక్కుతోంది, పిండినా నీళ్ళు పోని బట్ట. నడుం వాలుస్తాను. ఆ మాట వినిపిస్తుంది. లేస్తాను. వదిన చెడ్డదని చెప్పను. ముప్ఫయ్యోయేట భర్త పోయి తమ్ముడి ఇంటికొచ్చింది, ఇన్నేళ్ళలో పగటిపూట ఆమె వీపు గోడకి ఆనగా నేను చూడలేదు. కూరగాయలు తరిగేటప్పుడు కూడా నిటారుగా కూర్చుంటుంది. పని చేసినన్నాళ్ళే ఈ ఇంట్లో చోటని ఎవరూ ఆమెతో అనలేదు, అయినా ఆమెకి ఎవరో చెప్పినట్టే ఉంది. నేను పడుకుంటే ఆమెకి తన అలసట గుర్తొస్తుందేమో. దాన్ని తిట్టలేక నన్ను తిడుతుందేమో. ఆయన మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు. వదిన అన్నప్పుడు పేపరు తిప్పుతారు. ఆ పేపరు చప్పుడు నాకు బాగా తెలుసు, అందులో అవును లేదు, కాదూ లేదు.

ఇప్పుడు వెళ్ళి చెప్పాలి. డాక్టరుగారు కూడా అదే అన్నారు వదినా, కొవ్వేనట. ఫోటో కూడా తీశారు. కత్తిపీట మీద ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, తర్వాత, నే చెప్పలా అంటుంది. నవ్వొస్తోంది నాకే. కరెంటు పోయినప్పుడు వెలిగించే కొవ్వొత్తిలో కూడా కొవ్వుంది కదా, దాన్నెవరూ తిట్టరే. అది ఒళ్ళు కరిగించుకుని నిలబడి వెలుగుతుంది కాబట్టి దానికి కొవ్వు తప్పు కాదు. పడుకున్న కొవ్వే తప్పు. పడుకున్న కొవ్వు. తడి చేసిన నేల మీద చెంప ఆనించి, ఒక చెయ్యి దవడ కింద పెట్టుకుని. ఎవరిది ఆ చెయ్యి? నాది కాదు. మట్టిగాజులు, బొటనవేలికి పసుపు. అమ్మది.

రేపల్లె దగ్గర మా ఊళ్ళో, మధ్యగదిలో, ఎండాకాలం మధ్యాహ్నాలు అమ్మ నేల తడిచేసుకుని దానిమీద పడుకునేది. పన్ను సలుపుతోందే తల్లీ అనేది. నేను వంటింట్లోకి వెళ్ళి లవంగం తెచ్చి ఇచ్చేదాన్ని. ఏ పన్నని అడిగితే వేలు పెట్టి చూపించలేకపోయేది, ఇదంతా అని దవడ మొత్తం తడుముకునేది. ఈ ఉదయం డాక్టరు, నడిస్తే నొప్పి ఎక్కడ తెలుస్తుంది అని అడిగినప్పుడు నా చెయ్యి తనంతట తానే ఎక్కడికి వెళ్ళిందో ఇప్పుడు చూస్తున్నాను. అదే చోటికి. అలాగే, ఇదంతా అని. ఇన్నేళ్ళూ అమ్మకి పళ్ళనొప్పి అనుకుంటూనే బతికాను. ఇంకొకటుంది. దాన్ని చూడకుండా ఈ బండ మీద ఇంతసేపు చుట్టుతిరుగుతున్నాను. నాకు పద్నాలుగేళ్ళు. నాన్న పొలంనుంచి వచ్చి కాళ్ళు కడుక్కోవటానికి నీళ్ళడిగాడు. అమ్మేదే అన్నాడు. నేను గుమ్మంలో జడ వేసుకుంటున్నాను. కొవ్వెక్కి పడుకుంది నాన్నా అన్నాను. నానమ్మ మాట అది, నా నోట ముద్దుగా ఉందనుకున్నాను. నాన్న పెద్దగా నవ్వాడు. లోపల గాజుల చప్పుడయింది. అమ్మ లేచి వచ్చింది. చెంప మీద నేల తడి అలాగే ఉంది. నావంక చూసి ఆమె కూడా నవ్వి, చెంబు తీసుకుని నీళ్ళు ముంచింది. నవ్వకుండా ఉంటే బాగుండేది. తర్వాతి ఏడాది, నలభై మూడేళ్ళకి, ఒకరోజు పొద్దున లేవలేదు. నిద్రలో పోయింది, పుణ్యాత్మురాలు అన్నారు ఊళ్ళోవాళ్ళు. పన్ను పీకించి ఉండాల్సిందన్నాడు నాన్న. నోట్లో ఇప్పుడు నాలుక ఏదో వెతుక్కుంటోంది. లవంగం లేదు.

"ఏందమ్మా నాగేశ్వరమ్మా, ఎండల గిట్ల బండ మీద కూసున్నవు? మొగనితోని కొట్లాడినవా?"

మా ఇంటి యజమానురాలు సత్తెమ్మ. కొండాపూరులో కూతురింటికి పోయి వస్తోంది, నెత్తిన చింతపండు మూట. పొడుగాటి మనిషి, నామీద నీడ పడేట్టు నిలబడింది. ఆసుపత్రికి వెళ్ళొస్తున్నాను అన్నాను.

"ఏమన్నడు డాక్టరు?"

ఎవరికీ చెప్పకూడదనుకున్న మాట, అలసటకి, జారిపోయింది. "గుండె చుట్టూ కొవ్వన్నాడు."

సత్తెమ్మ మూట దించింది. "గంత మాటన్నడా? ఆడమనిషిని పట్టుకొని? నువ్వేమన్నవు?"

"ఏమంటాను?"

"మీ దిక్కోడేనా వాడు?"

"గుంటూరు జిల్లా."

"గందుకే! మీ ఆంధ్రోళ్ళు దవాఖానల గూడ తిట్టుకుంటరా ఏంది!"

నవ్వు ఆగలేదు. నవ్వితే రొమ్ముల మధ్య బిగిసింది, చెయ్యి పెట్టుకున్నాను, విశ్వేశ్వరరావుగారిలాగానే, అయినా నవ్వాను. తిట్టు కాదు సత్తెమ్మా, జబ్బు, నిజం కొవ్వే అని ఫిల్ము తీసి చూపించాను. ఆమె దాన్ని తలకిందులుగా పట్టుకుని ఆకాశంకేసి చూసింది.

"నిజం కొవ్వా! ముందుగల్ల చెప్పవేంది, పరేషాన్ చేస్తివి. మేక గుండెకాయ మీద తెల్లగ ఉంటది సూడు, గదేనా? గది అన్ని గుండెలకుంటదమ్మా. మొన్న మేకలు కోసే మా రాజయ్య నార్సింగి నుంచి ఒక మేకను తెచ్చిండు. బక్కది, మాంసమే లేదు, అన్నీ బొక్కలే. కోసి సూస్తే గుండె మీద గింత కొవ్వు. గడ్డి లేని కాలానికని దాసుకున్నది పాపం, అన్నడు." ఫిల్ము నా చేతికిచ్చింది. "మరి మందేంది?"

పట్నం, వారం రోజులు, సంతకం, ఇంకాసేపట్లో ఆయన వస్తారు. అంతా చెప్పాను. "కానీ ఆ మాట మా ఇంట్లో ఎలా చెప్పను సత్తెమ్మా?"

ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "గోడకు అవతలనే గద మేముండేది. మీ వదినె అనుడు రోజు ఇంటనే ఉంట. ఒక ముచ్చట చెప్త, కోపం చెయ్యకు. ఆమె అంటె అననియ్యి, ఆమె నోరు ఆమెది. పడుకున్నదానివి ఆ మాటకు దిగ్గున లేస్తవు సూడు, గదే నాకు మంచిగ అనిపియ్యది." మూట నెత్తికెత్తుకుంది. "జర ఇక్కడనే ఉండు. పోయి నీళ్ళు పంపిస్త. ఫికర్ చెయ్యకు."

వెళ్ళిపోయింది. నీడ కూడా వెళ్ళిపోయింది. దిగ్గున లేస్తాను. అవును, ఎవరో తాడు లాగినట్టు. అమ్మ లేచింది, నేను లేస్తాను, మాటకి బదులు చెప్పటం లేవటమే అనుకున్నాం. ఇప్పుడు ఆయనకి ఎలా చెప్పాలో వరస కట్టుకోవాలి. ఏమండీ, హార్ట్ ట్రబుల్ అన్నారు. బాగానే ఉంది, బత్తాయిల పక్కన పెట్టుకోదగ్గ మాట. ఎంత ట్రబుల్ అని అడుగుతారు, అప్పుడు నీళ్ళు నములుతాను. గుండెకి బలం లేదన్నారండీ. టానిక్కు కొందాంలే అంటారు. గుండె పెరిగిందిట. మంచిదేగా పెద్ద మనసు అని హాస్యమాడతారు, ఆయనకి హాస్యం వస్తుంది ఇలాంటప్పుడే. చివరికి వెతుకుతున్నది జబ్బుకి పేరు కాదనిపిస్తోంది. పడుకోవటానికి అనుమతి చీటీ వెతుకుతున్నాను, ఎవరూ కాదనలేని భాషలో రాసింది. అటువంటి చీటీ దొరికినా నేను చూపించను. వారం రోజులు వంట ఎవరు చేస్తారు, పిల్లలకి పరీక్షలు, వదినకి నడుంనొప్పి, వెళ్ళొచ్చాక చేస్తానులే అని నేనే వాళ్ళందరి తరఫునా వాదించి నన్ను ఓడిస్తాను. పంతొమ్మిదేళ్ళుగా ఆయన ఏమిటలా ఉన్నావంటే ఏం లేదండీ అంటూ వచ్చాను. ఆయన అడిగింది నిజంగానే, నేను చెప్పింది అబద్ధం, ఆ సంగతి ఎప్పుడూ ఇలా కనిపించలేదు. పేపరు చప్పుడునే ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను. ఏం లేదండీ కూడా ఒక పేపరు తిప్పటమే.

దారి మలుపులో గొలుసు చప్పుడు. సైకిలు మీద ఆయనే, భుజాన అన్నం క్యారియరు సంచి, ఖాకీ చొక్కా వీపు మీద అప్పుడే తడిసింది. నన్ను చూసి బ్రేకు వేశారు. దిగలేదు, ఒక కాలు నేలమీద, ఒక కాలు పెడలు మీద.

"ఇక్కడ కూర్చున్నావేమిటే? అక్కయ్య నీకోసం చూస్తోంది. ఏమన్నాడు? నీరసమేనా? టానిక్కు రాశాడా?"

ముఖం చూశాను. చెమట, కళ్ళకింద పోయినవారం మూడో షిఫ్టు నలుపు ఇంకా పోలేదు. చలపతిరావు అనే ఈ మనిషి కూడా అలిసిపోయాడు. జాలి వేసింది, ఆ జాలితోపాటే ఏం లేదండీ అన్న ఆ రెండు మాటలూ నాలుక చివరికి వచ్చి కూర్చున్నాయి, ఎంత అలవాటుగా, ఎంత మెత్తగా. ఆయన చేతి గడియారం చూసుకున్నారు.

"సరే, బస్సు వెళ్ళిపోతుంది. రాత్రి వచ్చాక చెబుదువుగాని." నేలమీది కాలు లేచింది.

నేను లేవలేదు. కూర్చున్నచోటునుంచే చెయ్యి చాపి సైకిలు హ్యాండిలు పట్టుకున్నాను. ఎండకి ఇనుము చుర్రుమంది. ముందుచక్రం నావైపు తిరిగింది, ఆయన తూలి మళ్ళీ కాలు ఆనించారు. ఏమిటే ఇది అన్నారు. కోపంగా కాదు, ఆశ్చర్యంగా.

"దిగండి," అన్నాను.